బొద్దు అక్షరాల గొంతు: ‘బాలూ తమ్ముడు’ ఫాంట్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు?

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, కొత్త యాప్ కూడా లేదు. మీరు పొద్దున లేచిన దగ్గర్నుంచి కొన్ని వందల సార్లు చూసేది, కానీ ఒక్కసారి కూడా పేరు అడగనిది ఒకటుంది. అదే ఫాంట్. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

అన్ని ఫాంట్లూ కాదు, ఒక్క రకమే. మందంగా, బొద్దుగా, కొసలన్నీ గుండ్రంగా ఉండే అక్షరాలు. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద, చిప్స్ ప్యాకెట్ మీద, ప్లేస్కూల్ బోర్డు మీద, పుట్టినరోజు ఫ్లెక్సీ మీద కనిపిస్తాయి కదా, అవి. మీలో చాలామంది ఫోన్‌లోనే పోస్టర్లు, స్టేటస్‌లు, థంబ్‌నెయిల్స్ చేస్తున్నారు. చేసేటప్పుడు ‘కొట్టొచ్చినట్టు కనపడాలి’ అని వెంటనే ఈ బొద్దు ఫాంట్ పెట్టేస్తారు. అది ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చెడగొడుతుంది, తెలుగులో ఇంకాస్త జాగ్రత్త ఎందుకు కావాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ఊరికే గాల్లో మాట్లాడకుండా ఒక అసలైన ఫాంట్‌ని ముందు పెట్టుకుందాం. దాని పేరు ‘బాలూ తమ్ముడు’.

ఎవరీ తమ్ముడు?

బాలూ అనగానే మనకు బాలు గారు గుర్తొస్తారు. ఆయన కాదండీ, ఎలుగుబంటి! 1894లో కిప్లింగ్ రాసిన ‘జంగిల్ బుక్’లో మౌగ్లీకి పాఠాలు చెప్పే ఎలుగుబంటి పేరు బాలూ. ముంబైలోని ‘ఎక్ టైప్’ అనే ఫాంట్ డిజైనర్ల బృందం తయారుచేసిన ఫాంట్ కుటుంబానికి అదే పేరు పెట్టారు. అక్షరాలు చూస్తే పేరు ఎందుకు పెట్టారో అర్థమైపోతుంది. బరువుగా ఉంటాయి, కానీ భయపెట్టవు. దగ్గరకెళ్లి వాటేసుకోవాలి అనిపించే బొద్దుతనం.

సరదా ఏంటంటే, ఒక్కో లిపికి వచ్చిన ఫాంట్‌కి ఆ భాషవాళ్లు పిలుచుకునే పిలుపునే పేరుగా పెట్టారు. గుజరాతీకి బాలూ భాయ్. మలయాళానికి బాలూ చేట్టన్. తమిళానికి బాలూ తంబి. కన్నడకు బాలూ తమ్మ. బెంగాలీకి బాలూ దా. పంజాబీకి బాలూ పాజీ. ఉర్దూకి బాలూ భాయిజాన్. మన తెలుగుకి వచ్చేసరికి బాలూ తమ్ముడు. అందరూ ఒకే ఇంటి పిల్లలు, తలా ఒక లిపి నేర్చుకున్నారు అన్నమాట.

మొదట ఇది ఒకే ఒక్క మందంతో వచ్చింది. తర్వాత ‘బాలూ 2’ పేరుతో ఐదు మందాలు చేశారు. ఫాంట్ మందాన్ని నంబర్లతో చెబుతారు: 400 అంటే మామూలు, 700 అంటే బోల్డ్, 800 అంటే ఇంకా బోల్డ్. బాలూ తమ్ముడు 2లో 400 నుంచి 800 వరకు ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి మీ షాపు బోర్డుకైనా, మీ ఛానెల్‌కైనా వాడుకోవచ్చు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఫాంట్ ఫైల్‌ని మాత్రం విడిగా అమ్ముకోకూడదు, అంతే.

నాలుగు మాటలు విడదీద్దాం

ఇలాంటి ఫాంట్‌ని డిజైనర్లు ‘బోల్డ్ రౌండెడ్ సాన్స్ సెరిఫ్ డిస్‌ప్లే’ అంటారు. పేరు రైలంత ఉంది కానీ విషయం చిన్నదే. ఒక్కో బోగీ విప్పి చూద్దాం.

బోల్డ్ తెలిసిందే, గీత మందం. రౌండెడ్ అంటే గీత ఆగే చోట కత్తితో కోసినట్టు కాకుండా నున్నగా, గుండ్రంగా ఆగడం.

సెరిఫ్ అంటే ఇంగ్లీష్ న్యూస్‌పేపర్ అక్షరాల కొసల్లో కనపడే చిన్న చిన్న పాదాలు. సాన్స్ అంటే అవి లేవు అని. మన తెలుగు అక్షరాలకు ఆ పాదాల లెక్కే లేదు కదా, మరి తెలుగులో సాన్స్ అంటే ఏంటి? మన దగ్గర తేడా ఇంకోలా కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో అక్షరం చూడండి. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, కలంతో రాసినట్టు ఉంటుంది. సాన్స్ తరహా తెలుగు ఫాంట్‌లో ఆ తేడా బాగా తగ్గిపోయి గీత మొత్తం దాదాపు ఒకే మందంలో పోతుంది. స్కెచ్ పెన్‌తో రాసినట్టు.

ఇక డిస్‌ప్లే. ఇది చాలా ముఖ్యం. డిస్‌ప్లే ఫాంట్ అంటే పెద్ద సైజులో, తక్కువ మాటలకు వాడమని చేసిన ఫాంట్. హెడ్డింగ్, బోర్డు, పోస్టర్, లోగో, వీటికి. దానికి ఎదురుగా టెక్స్ట్ ఫాంట్ ఉంటుంది. పేజీలకు పేజీలు చదివించడానికి చేసింది అది. సభలో మైకు పట్టుకుని ‘అందరూ ఇటు రండి’ అని పిలిచేవాడు డిస్‌ప్లే ఫాంట్. పక్కన కూర్చుని గంటసేపు కథ చెప్పేవాడు టెక్స్ట్ ఫాంట్. ఇద్దరూ కావాలి, కానీ ఒకరి పని ఇంకొకరికి ఇస్తేనే గొడవ.

బాలూలో ఇంకో విషయం కూడా గమనించండి. మామూలు ఫాంట్లలో ఇంగ్లీష్ చిన్న ఎన్, యూ అక్షరాలు చూస్తే నిలువు గీత, వంపు కలిసేచోట ఒక చిన్న మొన బయటికి పొడుచుకుని ఉంటుంది. బాలూలో ఆ మొనలు తీసేశారు. గీత నేరుగా వంపులోకి జారిపోతుంది. అందుకే ఇంగ్లీష్ అక్షరాలు కూడా మన తెలుగు అక్షరాల్లాగే ఒకే చుట్టలో తిరిగినట్టు కనిపిస్తాయి. తెలుగు, ఇంగ్లీష్ పక్కపక్కన పెట్టినా అతికించినట్టు ఉండదు.

ఇది మనకు నిజంగా పనికొచ్చే విషయం. హైదరాబాద్‌లో ఒకే బోర్డు మీద తెలుగు, ఇంగ్లీష్, ఉర్దూ కనిపిస్తాయి. మామూలుగా మూడూ మూడు రకాల ఫాంట్లలో ఉంటాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి ఎక్కడో మూలన నలిగిపోయి ఉంటుంది. ఏ భాష సన్నగా ఉందో ఆ భాషవాళ్లకు ‘మమ్మల్ని చివర్లో ఇరికించారు’ అనిపిస్తుంది. ఒకే కుటుంబంలో అన్ని లిపులూ ఉన్న ఫాంట్ వాడితే మూడూ ఒకే బరువుతో, ఒకే మర్యాదతో నిలబడతాయి.

గుండ్రం అంటే మనకెందుకు మెత్తగా అనిపిస్తుంది?

ఒక చిన్న ఆట ఆడదాం. మనసులో రెండు బొమ్మలు గీసుకోండి. ఒకటి మబ్బు తునకలా గుండ్రంగా ఉంది. ఇంకొకటి పగిలిన గాజు ముక్కలా మొనలు మొనలుగా ఉంది. ఇద్దరికీ పేర్లు పెట్టాలి. ఒకరు కికి, ఒకరు బౌబా. ఎవరు ఎవరు?

మీరు కూడా గుండ్రటిదే బౌబా అన్నారు కదా! 1929లో వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘తాకెటె’, ‘బలూబా’ అనే పేర్లతో ఈ ఆట మొదలుపెట్టాడు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ కికి, బౌబా పేర్లతో మళ్లీ చేశారు. అమెరికా కాలేజీ పిల్లల్ని అడిగారు, మన పక్కనే ఉన్న తమిళం మాట్లాడేవాళ్లనీ అడిగారు. రెండు చోట్లా దాదాపు అందరూ గుండ్రటిదానికే బౌబా అన్నారు.

అంటే ఆకారానికి మన బుర్రలో ముందే ఒక శబ్దం, ఒక స్వభావం అతుక్కుని ఉన్నాయి. అక్షరం చదవకముందే దాని ఆకారం మనతో ఏదో చెప్పేస్తుంది. మొనలున్న అక్షరం ‘జాగ్రత్త’ అంటుంది. బొద్దు అక్షరం ‘రా రా, కూర్చో’ అంటుంది. కంపెనీలకు ఇది ఎప్పట్నుంచో తెలుసు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ కోసం ‘వ్యాగ్ రౌండెడ్’ అనే గుండ్రటి ఫాంట్ చేశారు. కార్లు, ఇనుము, గేర్లు, ఇంత గట్టి వ్యాపారానికి మెత్తటి అక్షరాలు. తర్వాత అదే ఫాంట్ చాలా ఏళ్లు యాపిల్ ల్యాప్‌టాప్‌ల కీబోర్డుల మీద కూర్చుంది. వేలు పెట్టేచోట మెత్తగా అనిపించాలి కదా మరి.

తెలుగుకి వచ్చేసరికి అసలు చిక్కు

ఇక్కడ మీకో డౌట్ రావచ్చు. ‘అన్నా, మన తెలుగు లిపే గుండ్రం కదా, మనకు రౌండెడ్ ఫాంట్ చేయడం ఈజీ కదా’ అని. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలిపోతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయి అని చెబుతుంటారు కూడా. గుండ్రం మనకు పుట్టుకతో వచ్చింది, నిజమే. సమస్య గుండ్రంతో కాదు, మందంతో.

ఇంగ్లీష్‌లో ఓ అక్షరం తీసుకోండి. ఎంత లావు చేసినా మధ్యలో చిన్న చిల్లు మిగిలితే చాలు, ఓ అని తెలిసిపోతుంది. చాలా ఇంగ్లీష్ అక్షరాలు అంతే. లావు చేయడానికి బోలెడు చోటు ఉంటుంది.

తెలుగులో అలా కాదు. మన అక్షరాల మధ్య తేడాలు చాలావరకు చిన్న చిన్న సందుల్లో దాక్కుని ఉన్నాయి. ప, వ చూడండి. ప నోరు తెరిచి ఉంటుంది, పైన తలకట్టు దగ్గర ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడిపోతే అది వ లా కనిపిస్తుంది. పంట కాస్తా వంట అయిపోతుంది! థ, ధ చూడండి. థ లోపల ఒక చుక్క. గీతలు లావెక్కి ఆ చుక్క కలిసిపోతే కథ కాస్తా కధ. ర లోపల చుక్క పెడితే ఠ. ప కింద చిన్న గీత ఉంటే ఫ. ష లోపల ఒక చిన్న అడ్డగీత. ఇవన్నీ గోరంత గుర్తులు. కానీ మాట మారిపోయేది వాటితోనే.

ఇంకోటి, మనం పైకి కిందకి కట్టుకుంటూ పోతాం. పైన గుడి, ఏత్వం. మధ్యలో అక్షరం. కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు పక్కన ఇంకో ఒత్తు. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. స, దానికి త ఒత్తు, ర ఒత్తు, పైన గుడిదీర్ఘం. ఒక్క అక్షరమే, కానీ దాదాపు మూడంతస్తుల ఇల్లు. ఇంగ్లీష్‌లో అదే ఎత్తులో ఒక్క అంతస్తు ఉంటుంది. మూడంతస్తుల ఇంట్లో గోడలన్నీ రెండడుగుల మందం కట్టారనుకోండి, మనుషులు ఉండే గదులేవి? బోల్డ్ తెలుగు ఫాంట్ చేసేవాడి కష్టం సరిగ్గా ఇదే.

మరి మంచి డిజైనర్ ఏం చేస్తాడు? అన్ని గీతల్నీ ఒకేలా లావు చేయడు. పెద్ద అక్షరం గీత లావుగా, ఒత్తు గీత కాస్త సన్నగా ఉంచుతాడు. రెండు గీతలు కలిసే మూల దగ్గర మందం కొంచెం తగ్గిస్తాడు, లేకపోతే అక్కడ నల్లటి మచ్చలా కనిపిస్తుంది. లోపలి సందుల్ని కాపాడటానికి అక్షరాన్ని కాస్త వెడల్పు చేస్తాడు. చూసేవాడికి మాత్రం అన్నీ ఒకే మందం అనిపిస్తుంది. కంటిని నమ్మించడం కోసం కొలతల్ని మార్చడం అన్నమాట. నల్ల గీతతో పాటు మధ్యలో మిగిలే తెల్ల ఖాళీని కూడా డిజైన్ చేయాలి.

అందుకే ఇంకో మాట. మీ యాప్‌లో ‘బి’ బటన్ ఉంటుంది కదా, బోల్డ్ చేసేది. ఆ ఫాంట్‌కి నిజంగా బోల్డ్ ఫైల్ ఉంటే పరవాలేదు. లేకపోతే చాలా యాప్‌లు ఏం చేస్తాయంటే, ఉన్న అక్షరాన్నే అన్ని వైపులా ఉబ్బిస్తాయి. దీన్ని దొంగ బోల్డ్ అనుకోండి. డిజైనర్ జాగ్రత్తగా కాపాడిన సందులన్నీ అది పూడ్చేస్తుంది. ఇంగ్లీష్ ఎలాగోలా తట్టుకుంటుంది, తెలుగు తట్టుకోదు. మందం కావాలంటే ఫాంట్ లిస్టులోంచి 700 గానీ, 800 గానీ విడిగా ఎంచుకోండి, బటన్ నొక్కకండి.

థంబ్‌నెయిల్ లెక్క

ఇంజినీర్‌ని కదా, ఒక లెక్క చేసి చూపిస్తాను. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌ని 1280 బై 720 పిక్సెల్స్ సైజులో చేశారనుకుందాం. మీరు ఎడిట్ చేసేటప్పుడు అది స్క్రీన్ నిండా ఉంటుంది, బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ చూసేవాడికి చాలాసార్లు అది ఒక లిస్టులో, పక్కన చిన్న ముక్కలా కనిపిస్తుంది. ఆ ముక్క మూడు సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. అంటే 30 మిల్లీమీటర్లలో 1280 పిక్సెల్స్. ఒక మిల్లీమీటర్‌కి దాదాపు 43.

మీ అక్షరంలో తలకట్టు కింద సందు 10 పిక్సెల్స్ ఉందనుకోండి. ఫోన్ మీద అది పావు మిల్లీమీటర్ కూడా లేదు! బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని స్క్రోల్ చేసేవాడికి ఆ సందు కనపడదు. ప వ అయిపోతుంది, అతను మీ వీడియో దాటి వెళ్లిపోతాడు. అదే సందు 25, 30 పిక్సెల్స్ ఉంటే అర మిల్లీమీటర్ దాటుతుంది, కంటికి ఆనుతుంది. సందు పెరగాలంటే అక్షరం పెద్దది కావాలి. అక్షరం పెద్దది కావాలంటే మాటలు తగ్గాలి. ఆరు మాటల టైటిల్‌ని రెండు మాటలు చేయండి అని అందరూ చెప్పేది ఊరికే కాదు, దాని వెనక ఈ లెక్క ఉంది.

అవుట్‌లైన్ సంగతి కూడా చూద్దాం. అక్షరం చుట్టూ బోర్డర్ పెడతాం కదా. బోర్డర్ సందులోకి రెండు వైపుల నుంచీ వస్తుంది. 20 పిక్సెల్స్ సందులో 6 పిక్సెల్స్ బోర్డర్ పెడితే మిగిలేది 8. అక్షరం పసుపు, బోర్డర్ నలుపు అయితే భయం లేదు, సందు నలుపుతో నిండినా సందులానే కనిపిస్తుంది. అక్షరం తెలుపు, బోర్డర్ లేత పసుపు, దాని మీద ఇంకో గ్లో పెట్టారనుకోండి, అక్షరం ఇడ్లీ అయిపోతుంది. అన్ని ఇడ్లీలూ ఒకేలా ఉంటాయి.

గొంతు, మాట కలవాలి

ఇప్పటిదాకా కనపడటం గురించి మాట్లాడాం. దానికన్నా పెద్ద విషయం ఇంకోటి ఉంది. కనపడి కూడా తప్పుగా అర్థం కావడం.

ఆమధ్య మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక నోటీసు వచ్చింది. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగి మందు వేస్తున్నారు, సాయంత్రం దాకా కుళాయి నీళ్లు తాగొద్దు అని. ఎవరో కష్టపడి పోస్టర్ చేశారు. మొత్తం పది లైన్లు, అన్నీ బొద్దు గుండ్రటి అక్షరాలే. పసుపు మీద ఎరుపు, మూలల్లో బెలూన్లు. కింద పోర్షన్‌లో ఉండే బామ్మగారు దాన్ని చూసి ఎవరిదో పుట్టినరోజు అనుకుని, చేతులెత్తి దీవిస్తున్న స్టిక్కర్ పెట్టారు. గ్రూప్ అంతా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడ నీళ్లు పట్టుకునేది ఆ కుళాయి దగ్గరే. కాసేపటికి ఆవిడ మనవరాలు వెళ్లి నోటితో చెప్పింది కాబట్టి సరిపోయింది.

బామ్మగారు చదవలేదు అనుకోకండి. ఆవిడకు అక్షరాలు ‘పండగ’ అని చెప్పాయి, మాటలు ‘ప్రమాదం’ అని చెప్పాయి. కళ్లజోడు లేకుండా, దూరం నుంచి చూసేవాళ్లు ముందు అక్షరాల రూపాన్నే నమ్ముతారు. ఆవిడా అదే చేశారు.

పెద్ద పెద్దవాళ్ల దగ్గర కూడా ఇది జరిగింది. 2012 జూలై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్ కనుక్కున్న సంగతి ప్రకటించారు. ప్రపంచమంతా ఎదురుచూసిన ఆవిష్కరణ! ఒక బృందం స్లైడ్లు ‘కామిక్ సాన్స్’ ఫాంట్‌లో ఉన్నాయి. 1994లో మైక్రోసాఫ్ట్‌లో పిల్లల కామిక్స్ తరహాలో చేసిన ఫాంట్ అది. ఇంకేముంది, ఇంటర్నెట్‌లో చాలామంది ఆ కణాన్ని వదిలేసి ఫాంట్ గురించి జోకులు వేసుకున్నారు. అక్కడ పోయింది కాస్త గౌరవం మాత్రమే. నీళ్ల నోటీసు దగ్గర పోయేది ఆరోగ్యం.

కాబట్టి ఫాంట్ ఎంచుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మాటను నేను ఎదురుగా నిలబడి చెబితే ఏ గొంతుతో చెబుతాను? నవ్వుతూ, గట్టిగా, చేతులు ఊపుతూ చెప్పే మాట అయితే బాలూ తమ్ముడు బంగారం. మిఠాయి కొట్టు, టిఫిన్ సెంటర్, పిల్లల పుస్తకం అట్ట, స్కూల్ వార్షికోత్సవం, స్టిక్కర్, గేమ్, కామెడీ ఛానెల్ లోగో, వీటన్నిటికీ చక్కగా నప్పుతుంది. ‘ఉచిత కంటి పరీక్ష శిబిరం’ లాంటి హెడ్డింగ్‌కి కూడా బాగుంటుంది, జనం భయపడకుండా రావాలి కాబట్టి. కానీ అదే శిబిరంలో ఇచ్చే మందు ఎన్ని చుక్కలు, ఎన్ని పూటలు అన్నది మాత్రం మామూలు టెక్స్ట్ ఫాంట్‌లో ఉండాలి.

గొంతు తగ్గించి చెప్పే మాటలకు వద్దు. శ్రద్ధాంజలి పోస్టర్, ప్రమాద హెచ్చరిక, ఫీజు నిబంధనలు, కోర్టు కాగితం, వీటికి బొద్దు అక్షరాలు పెడితే చావింట్లో డప్పు డాన్స్ చేసినట్టే.

చేసేటప్పుడు పాటించాల్సినవి

మొదటిది, ఒక పోస్టర్‌లో బొద్దు ఫాంట్ ఒక్క లైన్‌కే. అందరూ అరిస్తే ఎవరి మాటా వినపడదు. హెడ్డింగ్ బాలూ తమ్ముడులో పెట్టి, కింద వివరాలకు ‘మండలి’ లాంటిది తీసుకోండి. మండలిని వార్తాపత్రికల్లాంటి చోట వాడటానికే చేశారు, చిన్న సైజులో హాయిగా చదువుకోవచ్చు. ఎక్ టైప్ వాళ్లదే ‘అనేక్ తెలుగు’ కూడా ఉంది. దాంట్లో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు. హెడ్డింగ్ బరువుగా ఉండాలి కానీ చిలిపిగా ఉండకూడదు అంటే ‘రామభద్ర’ చూడండి. హెడ్డింగులు, పోస్టర్ల కోసం చేసిన లావు ఫాంటే, కాకపోతే గొంతు వేరు.

రెండోది, లైన్‌కి లైన్‌కి మధ్య చోటు. ఇంగ్లీష్ అలవాటుతో దగ్గర దగ్గరగా పెడితే పై లైన్ ఒత్తులు, కింద లైన్ గుడులు ఢీకొంటాయి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి కంటికి నచ్చేలా సర్దుకోండి.

మూడోది, ఒత్తులు విడిపోవడం. కొన్ని యాప్‌లలో ‘స్త్రీ’ అని టైప్ చేస్తే అక్షరాలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. అది ఫాంట్ తప్పు కాకపోవచ్చు. యూనికోడ్‌లో స్త్రీ అంటే ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫాంట్ ఫైల్‌లో అక్షరాల బొమ్మలతో పాటు ‘ఈ కోడ్‌లు వరసగా వస్తే ఈ బొమ్మ చూపించు’ అనే రూల్స్ కూడా ఉంటాయి. ఆ రూల్స్ చదివే ఇంజిన్ యాప్‌లో ఉండాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ ఆ పని చేస్తుంది. రూల్స్ చదవని యాప్‌లో ఎంత మంచి ఫాంట్ పెట్టినా ముక్కలే వస్తాయి. ఫాంట్ మార్చడం కాదు, యాప్ మార్చండి. పాత ఫొటోషాప్ వాడేవాళ్లు సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల లేఅవుట్ ఆన్ చేసుకోవాలి.

ఇక్కడే ఇంకోటి. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచిన అను ఫాంట్లలో చాలావాటికి యూనికోడ్ లేదు. వాటిలో టైప్ చేసింది కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. బాలూ తమ్ముడు యూనికోడ్ ఫాంట్ కాబట్టి అందులో టైప్ చేసిన మాట ఎక్కడికి వెళ్లినా తెలుగుగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

నాలుగోది, ఒక నిమిషం టెస్ట్. కొత్త తెలుగు ఫాంట్ ఏది తీసుకున్నా ఈ ఆరు మాటలు టైప్ చేయండి: పంట, వంట, కథ, ఫలం, రాష్ట్రం, స్త్రీ. మీరు వాడబోయే సైజుకి తగ్గించండి. ఫోన్‌ని చెయ్యి చాచి అంత దూరంలో పట్టుకోండి. పంటకీ వంటకీ తేడా తెలుస్తోందా? రాష్ట్రంలో ఒత్తులు విడిగా కనిపిస్తున్నాయా? తర్వాత ఏమీ చెప్పకుండా ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి రెండే ప్రశ్నలు అడగండి. ‘ఏమని ఉంది?’, ‘ఇది సంతోషం విషయమా, సీరియస్ విషయమా?’ రెండో ప్రశ్న మర్చిపోకండి. మొదటిదానికి సరిగ్గా చెప్పి, రెండోదానికి తప్పు చెప్పారంటే మాట సరిగ్గానే ఉంది, గొంతు తప్పింది.

అదండీ బొద్దు అక్షరాల సంగతి. రేపు బయటికి వెళ్లినప్పుడు మీ వీధిలో బోర్డులు ఒకసారి చూడండి. ఏ బోర్డు గొంతు దాని మాటకు సరిపోయిందో, ఏది సరిపోలేదో మీకే తెలిసిపోతుంది. బాగా నప్పిన బోర్డు కనిపిస్తే ఆ షాపు ఏం అమ్ముతుందో, అక్షరాలు ఎలా ఉన్నాయో కామెంట్‌లో రాయండి, నాకూ చూడాలని ఉంది. ఈ ఎపిసోడ్ మీ కాలనీ గ్రూప్‌లో పోస్టర్లు చేసే వాళ్లకి తప్పకుండా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, బై బై!